రాజరత్నం బీరువా సర్దిన వైనం

నంద్యాల బస్సు రావలసిన టైము దాటి ముప్పావు గంటయింది. ఆళ్లగడ్డ బస్టాండుకు ఎదురుగా నరసింహులు టీ బంకు ముందు బెంచీ మీద ముగ్గురు కూర్చున్నారు. ఒకడు లక్ష్మీనారాయణ, పక్క పల్లెలో సేద్యం చేసుకునే మనిషి, ఎవరేం చెప్పినా ముందు నమ్మి తర్వాత ఆలోచిస్తాడు. రెండోవాడు వెంకటేష్, బస్సు కండక్టరు, డ్యూటీ దిగి ఇంటికి పోయే ముందు గొంతు తడుపుకుంటున్నాడు. మూడోవాడు రాజరత్నం.

రాజరత్నానిది ప్లాట్లు చూపించే పని. కంపచెట్ల నడుమ మనిషిని నిలబెట్టి, "ఇది మెయిన్ రోడ్డు, అది పార్కు, ఆడ మేక మేస్తాంది చూడు, సరిగ్గా ఆడనే స్విమ్మింగ్ పూలు" అని చెప్పి, విన్నవాడు చెప్పులు విడిచి నీళ్లలో దిగబోయేటట్లు చేయగలడు.

"బీరువా కొనేకి పోతాండా నంద్యాలకు," అన్నాడు లక్ష్మీనారాయణ నరసింహులుతో. "ఉన్నది చాలడంలేదంట. ఇంట్లో మా ఇంద్రజ ఆర్నెల్ల నుంచి పోరు పెడ్తాంది. తలుపు తీస్తే గుడ్డలు మీద పడ్తాండాయి."

రాజరత్నం టీ గ్లాసు కింద పెట్టాడు. నరసింహులు స్టవ్వు మంట తగ్గించాడు. ఆ గ్లాసు కింద పెట్టిన తర్వాత ఎంతసేపటికి మళ్లీ పైకి లేస్తుందో ఆయనకు అనుభవం మీద తెలుసు.

"కొనద్దు లక్ష్మీనారాయణన్నా. నా మాట విను. బీరువా చాలలేదని ఇంగో బీరువా కొనేది ఎట్లుంటాదంటే, కడుపు నిండిందని ఇంగో కడుపు కుట్టించుకున్నట్లుంటాది. సర్దుకునేది నేర్చుకోవాల. అదొక విద్య. నేను నేర్చుకున్నా. మూడు నెలల కిందట మా ఇంట్లో కూడా ఇదే కత. మా శాంతమ్మ సంగతి తెలుసు కదా, సంజామలలో టీచరు, పొద్దున బస్సుకు పోయిందంటే పొద్దు గూకేటప్పటికి గానీ రాదు, ఇల్లు చూసుకునేకి ఆయమ్మకు తీరిక యాడిది. ఒక ఆదివారం ప్రార్థనకు పోవాలని కర్చీపు కోసం పడకింట్లో బీరువా తలుపు తీస్తిని. తీసిందే తడవు, పై అర లోంచి చీరలు, దాని కింద అర లోంచి చీరలు, వాటి వెనక లంగాలు, దుప్పట్లు, కలరా ఉండలు, అన్నీ కలిసి నా మీదికి దిగె. గొంతు దాకా మునిగితిని. ఊపిరాడలే. చెయ్యి ఒకటి పైకి పెట్టి ఊపుతాంటే పక్కింటోళ్లు వచ్చి లాగినారు."

"అన్నీ వదినవేనా?" అన్నాడు వెంకటేష్.

"అన్నీ ఆయమ్మవే. నావేముండాయప్పా, నాలుగు జతలు, ఒక మూలన సన్నాసి మాదిరి పడుండాయి. ఆడోళ్లకు గుడ్డ ఇడ్సబుద్ధి కాదు. పుట్టినప్పుడు చుట్టిన పాతగుడ్డ కూడా దాచుకుంటారు. సరే, ఆ పొద్దే అనుకుంటిని, ఈ బీరువా అన్నా ఉండాల, నేనన్నా ఉండాల అని. మొబైల్ తీసి చూస్తిని. యాడిదో ఒక దొరసాని, ఆయమ్మ భాష నాకు తెలీదు, నా భాష ఆయమ్మకు తెలీదు, కానీ చేతులు చూస్తాంటే అర్థమైతాంది. అన్నీ బయటికి తీయాల. మంచం మీద పోయాల. మూడు కుప్పలు. ఉంచుకునేది ఒకటి, ఎవరికన్నా ఇచ్చేది ఒకటి, పారేసేది ఒకటి. ప్రతి గుడ్డనీ చేతిలో పట్టుకోని మొగంలోకి చూడాల. చూసి, ఏడాదిలో నిన్ను ఒక్కసారన్నా కట్టినారా అని అడగాల."

"గుడ్డ ఏం చెప్తాది?" అన్నాడు నరసింహులు పాలు కలియబెడుతూ.

"నిజం చెప్తాది. గుడ్డకు అబద్ధం రాదు నరసింహులూ, మనుషులకే ఆ రోగం. ఒక గంటలో ఒక అర అయిపాయ. ఒక్క గంట. నేనేం గొప్ప చెప్పుకోడంలే, ఒక గంటలో ఒక అర ఎవరన్నా చేస్తారు. కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

లక్ష్మీనారాయణ ముందుకు వంగాడు.

"మడత పట్టుబడె. చెయ్యికి మడత పట్టుబడడం అంటే అది దేవుడిచ్చేదే. గుడ్డను పండబెట్టకూడదన్నా, నిలబెట్టాల. పండబెడితే అడుగుదాన్ని లాగేటప్పుడు పైదంతా కూలుతాది. నిలబెడితే పుస్తకాల మాదిరి వరసగా ఉంటాయి, కావలసింది తీసుకోవచ్చు. ముందు కర్చీపు నిలబెట్టినా. నిలబడె. రవిక నిలబెట్టినా. చీర నిలబెట్టినా. మూడు మడతలకు చీర ఇటుకంత అయ్యె, అయిదు మడతలకు సబ్బుబిళ్లంత అయ్యె, ఏడో మడతకు అగ్గిపెట్టెలో పట్టె. పద్నాలుగు పట్టుచీరలు ఒక టిఫిన్ డబ్బాలో పెట్టి మూత పెట్టినా. శాంతమ్మ అన్నం డబ్బా అనుకోని స్కూలుకు ఎత్తుకపాయ. మధ్యాహ్నం మూత తీసిందంట. పద్నాలుగు చీరలు ఒక్కసారి లేచి క్లాసు రూమంతా నిండె. పిల్లోళ్లు కిటికీల్లో నుంచి దూకి ఇండ్లకు పాయిరి, ఆ పొద్దు స్కూలుకు సెలవు."

"దుప్పట్లు?" అన్నాడు లక్ష్మీనారాయణ. "మా ఇంట్లో దుప్పట్లే జాస్తి. వాటిని యాడ పెట్టాల?"

"మంచి ప్రశ్న. ఎప్పుడో ఒకసారి వాడేవి పై అర. రోజూ వాడేవి కంటికెదురుగా. బరువువి కింద. చలికాలానివి ఎండాకాలం కండ్లకు కనపడకూడదు. ఒకటి కొత్తది లోపలికొస్తే పాతది ఒకటి బయటికి పోవాల. ఇది రాసి పెట్టుకో."

లక్ష్మీనారాయణ దగ్గర కాగితం లేదు. నరసింహులు పకోడీలు కట్టే పేపరు ముక్క ఇచ్చాడు. వెంకటేష్ జేబులో పెన్ను తీసిచ్చాడు. "పై అర దుప్పట్లు" అని లక్ష్మీనారాయణ నిజంగానే రాసుకున్నాడు.

అది చూసేసరికి రాజరత్నం గొంతు ఒక మెట్టు ఎక్కింది.

"రెండో అర, మూడో అర అయినంక, ఇంగ లోపలికి చెయ్యి పెట్టినా. లోపల ఎంత లోతుండాదో నాకూ తెలీదు. ముందు మా నాయన గొడుగు వచ్చె. అది పోయి పదహారేండ్లాయ. మళ్ల ఒక పెట్రోమాక్స్ లైటు. మళ్ల ఒక కోడి. కోడి అంటే వట్టి కోడి కాదు, పదకొండు పిల్లలు కూడా ఉండాయి. రవికల నడుమ పొదిగింది, పాపం ఎవరికీ చెప్పకుండా. ఇంగా లోపలికి తోసి చూస్తే ఏందో మెత్తగా తగిలె. లాగితే కాలు. మనిషి కాలు. ఇంగా లాగితే ఎవరనుకుంటాండారు? సంజామల నుంచి మా పెండ్లికి వచ్చిన ఒక పెద్దాయన. కండ్లు నులుముకోని లేచి, 'పాస్టరుగారు ప్రార్థన చేసేసినారా, బోజనాలు పెడ్తాండారా' అని అడిగె. అయ్యా, పెండ్లయి ఇరవై రెండేండ్లాయ, పెండ్లికూతురు ఇప్పుడు హెడ్ టీచరు కాబోతాంది అని చెప్తే, 'అయితే బిర్యానీ చల్లగైపోయింటాదే' అని శానా బాధపడె."

వెంకటేష్ టీ గొంతులో అడ్డం పడి దగ్గాడు. "ఇరవై రెండేండ్లు ఆయనేం తిన్న్యాడన్నా?"

"కోడిగుడ్లు," అన్నాడు రాజరత్నం వెంటనే. "పెద్దాయన్ను సంజామల బస్సెక్కించి వస్తిని. వచ్చి బీరువా లోకి చూస్తే, అప్పా, దాని వెనక రేకు లేదు. ఉత్త చీకటి. చల్లగాలి తగుల్తాంది. టార్చీ లైటు తీసుకోని లోపలికి దిగినా. నడుస్తాండా, నడుస్తాండా. కాళ్ల కింద ఇసక, పైన బండలు, బండల్లో నుంచి నీళ్లు చుక్క చుక్క పడ్తాండాయి. ఒక గంట నడిచినంక దూరంగా ఎర్ర లైట్లు, పచ్చ లైట్లు. మనుషుల మాటలు. పోయి చూస్తే యాడ తేలినా అనుకుంటాండారు? కొలిమిగుండ్ల కాడ బెలుం గుహల్లో. ఆడ ఒకాయన నా చెయ్యి పట్టుకోని టికెట్ చూపించమనె. నేను ఆ దావ నుంచి రాలేదప్పా, మా పడకింటి బీరువాలో నుంచి వచ్చినా అంటిని. అయినా టికెట్ తీసుకోవాల అనె."

"ఆళ్లగడ్డ నుంచి బెలుం యాడుండాదన్నా," అన్నాడు వెంకటేష్. "బస్సులోనే రెండు గంటల పైన పడ్తాది. నేను ముందు తిరిగిన రూటు అది."

"బస్సులో పోతే రెండు గంటలు. బీరువాలో పోతే అడ్డదావ."

వెంకటేష్ తన బ్యాగు వైపు చూశాడు. ఆయన టికెట్ల మిషన్‌లో అట్లాంటి రూటు లేదు.

ఇద్దరు ముగ్గురు బస్సు కోసం నిలబడినవాళ్లు కూడా ఇటు జరిగి వింటున్నారు. రాజరత్నం వాళ్లకు చోటిచ్చినట్లు కొంచెం లేచి మళ్లీ కూర్చున్నాడు.

"ఈ సంగతి ఊర్లో పాకె. పాకదా మరి. మరుసటి రోజు పొద్దున లేచి తలుపు తీస్తే వాకిట్లో ట్రాక్టర్లు. ట్రాక్టర్ల మీద బీరువాలు. గోద్రేజీవి, రేకువి, టేకువి, అద్దం పగిలినవి, తాళంచెవి పోయినవి. నా ఇంటి కాడ మొదలైన వరస నంద్యాల టోల్ గేటు దాకా. బనగానపల్లె నుంచి ఒక మామిడికాయల సేటు లారీలో తెచ్చినాడు. అందరి పెండ్లాలూ వెనక నడుస్తాండారు, 'నా చీర పారెయ్యొద్దు సామీ' అని మొక్కుతాండారు. నేను మెత్తబడలే. ఈ విద్యలో మనసు గట్టిగుండాల. ఏడాదిలో కట్టినావా తల్లీ అని అడుగుతా. కట్టలేదు అంటే కుప్పలోకి. ఎన్ని చీరలు పారేసినానంటే, ఆ కుప్ప ఎక్కి చూస్తే అహోబిలం కనపడింది."

"ఆడోళ్లు ఊరుకున్న్యారా?" అన్నాడు నరసింహులు.

"ఊరుకోక? ఆడోళ్లకు చెప్పేవాడు లేక గానీ, చెప్తే వింటారు. లక్ష్మీనారాయణన్నా, నీకు చెప్తాండా, ఇంటికి పోయి ముందు మీ ఇంద్రజమ్మ చీరలు మంచం మీద పొయ్యి. సగానికి సగం తీసి అవతల పెట్టు. ఏడుస్తాది. రెండు రోజులు మాట్లాడదు. మూడో రోజు కాఫీ ఇస్తాది. మా శాంతమ్మ చూడు, మొదట్లో మొగం తిప్పుకుంది, ఇప్పుడు పొద్దున లేస్తే నాకు దండం పెట్టి స్కూలుకు పోతాది."

లక్ష్మీనారాయణ పేపరు ముక్క మీద "సగం" అని రాసి కింద గీత గీశాడు. ఆయన ముఖంలో ఒక ధైర్యం వచ్చింది. బీరువా ఖర్చు తప్పుతుందన్న ధైర్యం కాదది. ఆర్నెల్లుగా పెండ్లాం ముందు తల వంచుకొని తింటున్న మనిషికి, తప్పు తనది కాదని ఎవరో పెద్దమనిషి తీర్పు చెప్పినట్లు ఉంది.

"ఇంటికే పోతాలే," అన్నాడు. "బస్సు ఎట్లా రాకపాయ."

"బస్సు మాట ఎత్తినావు కాబట్టి చెప్తాండా," అన్నాడు రాజరత్నం. "బీరువాలు అయిపోయినంక చేతులు ఊరికే ఉండవు కదా. ఒక పొద్దు నంద్యాల రోడ్డు మీద పోతాంటే దాన్ని చూస్తిని. అంత పొడుగు రోడ్డు, ఊరికే పండబెట్టి పెట్టినారు. పండబెట్టకూడదని నేను నేర్చుకున్న మొదటి పాఠమే కదా. ఆళ్లగడ్డ కొస పట్టుకోని లాగి మడిస్తిని. అయిదు మడతలు. ఆ పొద్దు ఈడ బస్సెక్కినోళ్లు కూర్చునే లోపల నంద్యాలలో దిగినారు. టికెట్ కొట్టేకి కూడా టైము లేదు."

"నేను ఆ రోడ్డు మీద రోజూ తిరుగుతా," అన్నాడు వెంకటేష్. "ఎప్పుడు మడిచినావు?"

"నీ వారం సెలవు రోజు. పాపం నీ డ్యూటీ చెడకూడదని సాయంత్రానికి విప్పి పెట్టినా. మడత గీతలు ఇంగా ఉండాయి చూడు, వాటినే మీరు స్పీడ్ బ్రేకర్లు అంటాండారు."

నిలబడినవాళ్లలో ఒకాయన పైకే నవ్వాడు. రాజరత్నం ఆ నవ్వును మెప్పుగా లెక్క వేసుకున్నాడు.

"మళ్ల కుందూ ఏరు పొంగింది కదా, నంద్యాలలోకి నీళ్లు వస్తాయని అందరూ భయపడిరి. వచ్చినాయా? ఎందుకు రాలేదు? రాత్రికి రాత్రి ఏటి గట్టున కూర్చోని నీళ్లను చాప చుట్టినట్లు చుట్టి, మడిచి, పై అరలో పెట్టినా. వాననీళ్లు చలికాలం దుప్పట్ల లెక్క, కావలసినప్పుడు ఒక మడత విప్పుకోవాల. నల్లమల కాడికి కూడా పోతిని. ఆ కొండలు చూడు, అన్నీ ముడతలే, ఇస్త్రీ ఎరగవు. ఒక్కో కొండనూ మొగంలోకి చూసి, ఏడాదిలో నువ్వు ఎవరికన్నా పనికొచ్చినావా అని అడుగుతాంటే, అడవి ఆఫీసరు ఒకాయన పరిగెత్తుకోని వచ్చి కాళ్లు పట్టుకునె. పులులుండాయి రాజరత్నం గారూ, వాటికి ఇంగో ఇల్లు లేదు అనె. సరే బతకనీ అని ఇడ్సినా."

"మనసు మంచిది," అన్నాడు నరసింహులు.

"ఇంగ ఆఖరిది చెప్తా. ఇది ఎవరికీ చెప్పలే. పోయిన నెల ఒక పొద్దు కునుకు తీస్తాంటే ఒక దూత వచ్చి మంచం కాడ నిలబడె. తెల్లబట్టలు. మొగం వాడిపోయింది. ఏందప్పా అంటే, 'పరలోకంలో శానా ఇబ్బందిగా ఉండాది రాజరత్నం. అందరికీ తెల్ల అంగీలే. అన్నీ ఒకటే తెలుపు, ఒకటే సైజు. ఉతికి ఆరేసినంక ఎవరిది ఏదో తెలీడంలే. ఆదాము కాలం నుంచి వచ్చినోళ్లవి కూడా పారేయకుండా దాచిపెట్టినారు. అరలు చాలడంలే. నువ్వొక్కసారి వచ్చిపో' అనె. వస్తా గానీ రిటర్నుండాదా అని అడుగుతిని. ఉండాది అని రాసిచ్చినారు. అట్ల రాసిచ్చి పిలిపించుకున్నది ఇంతవరకు నన్నొక్కన్నే. పోయి మూడు దినాల్లో…"

ఈ మాట నడుస్తుండగానే ఒకామె రోడ్డు దాటి వచ్చి, నెత్తి మీది గంపను బంకు పక్కన దించి, చుట్టకుదురు తీసి మెడ తుడుచుకుంది. గంపలో స్టీలు బోకులు తళతళా మెరుస్తున్నాయి. వాటి పక్కన పాతబట్టల మూట. ఆమె రామసుబ్బమ్మ. పాతబట్టలు తీసుకొని గిన్నెలో చెంబులో ఇచ్చి, ఆ బట్టలను ఊరూరా అమ్ముకుంటూ ఇరవై ఏళ్లుగా ఆళ్లగడ్డ, బనగానపల్లె తిరుగుతుంది. ఏ ఇంటి బీరువాలో ఏముందో ఆ ఇంటివాళ్ల కంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

"టీ ఇయ్యి నరసింహులూ, చక్కెర తక్కువ," అని బెంచీ కొసన కూర్చుంది.

రాజరత్నం మాట ఆగింది. పరలోకంలో మూడు దినాల్లో ఏం చేశాడో చెప్పలేదు.

"చెప్పన్నా," అన్నాడు వెంకటేష్. ఆయన చూపు రాజరత్నం మీంచి రామసుబ్బమ్మ మీదికి పోయి వచ్చింది.

"గొంతు ఎండింది. చల్లగైపాయ టీ."

లక్ష్మీనారాయణ మాత్రం ఇవేమీ గమనించలేదు. ఫోను తీసి నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకోబోతూ, మొదట ఎవరికైనా చెప్పుకోవాలని ఉన్నట్లుంది, పక్కన కూర్చున్న రామసుబ్బమ్మకు చెప్పాడు. "ఈయప్ప బీరువా సర్దేది నేర్పినాడమ్మా. తన పెండ్లాం చీరలన్నీ ఏరి అవతల పెట్టినాడంట. నేను కూడా అదే చెప్తాండా మా ఇంట్లో."

రామసుబ్బమ్మ టీ ఊదుకుంది. "ఏ బీరువా? టీచరమ్మ బీరువానా?"

"నీ పని చూసుకోని పోమ్మా," అన్నాడు రాజరత్నం.

"నా పనే కదప్పా అది." ఆమె గొంతు పెంచలేదు. "ఆ బీరువా ఖాళీ చేసింది నేనే. టీచరమ్మ పిలిస్తే పోతిని. నువ్వు ఆ పొద్దు నంద్యాలలో ఎవరికో ప్లాట్లు చూపిస్తాంటివి."

లక్ష్మీనారాయణ ఫోను చేతిలోనే ఉంది.

"నాలుగు అరలు," అంది రామసుబ్బమ్మ. "నాలుగూ ఈయప్పవే. ముప్పై ఒక్క ప్యాంట్లు లెక్క పెట్టినా. అందులో సగం ముప్పై సైజు నడుమువి. ఇప్పుడు ఈయప్ప నడుము నలభై. సన్నబడతా, సన్నబడతా అని ఇరవై రెండేండ్లు వాటిని దాచుకున్న్యాడంట. చొక్కాలు ఇంగ చెప్పొద్దు. కాలరు చినిగినవి, గుండీలు లేనివి, అన్నీ కావాలంట. ఒక గుడ్డ ముట్టుకుంటే ఇల్లెగిరిపోయేటట్లు అరుస్తాడంట."

"మరి ఆయమ్మ చీరలు?" అన్నాడు లక్ష్మీనారాయణ.

"మంచం కింద. బియ్యం గోతంలో. పెండ్లయిన కాడ నుంచి ఒక్క అర ఇయ్యమని అడుగుతానే ఉండాది, రేపు రేపు అంటానే ఉండాడు. ఆ పొద్దు గోతం విప్పితే ఎలకలు దూరినాయి. పెండ్లిచీర, వాళ్లల్లో తెల్లచీర కదా కడ్తారు, దాన్ని జల్లెడ చేసి పెట్టినాయి. బయటికి తీసి ఒళ్లో పెట్టుకునింది."

"ఏడ్చిందా?" అన్నాడు నరసింహులు.

"ఏడ్వలే. దాన్ని చూసుకుంటా కొంచేపు కూర్చునింది. మళ్ల లేచి, బీరువా తలుపులు రెండూ బార్లా తీసి, తీసుకో రామసుబ్బమ్మా అనింది. మూడు మూటలైనాయి. అంత సరుకు ఊరికే తీసుకుంటే పాపం కదా, మంచి అండా ఇస్తా, మూత గిన్నెలు సెట్టు ఇస్తా, ఏం గావాల తల్లీ అంటే, బోకులు శానా ఉండాయమ్మా, నాకు జాగా చాలు అనింది."

నరసింహులు స్టవ్వు మీద పాలు పొంగి అంచుల మీదుగా దిగాయి. ఆయన చూడలేదు.

"మర్సట్నాడు తెల్లారేటప్పటికి ఈయప్ప నా ఇంటి ముందర కూర్చున్న్యాడు," అంది రామసుబ్బమ్మ, రాజరత్నం అక్కడ లేనట్లే. "ఒంటి మీద బనీను. పనికి పోయేకి చొక్కా లేదు, ఒకటన్నా ఇయ్యమని. నేనేమో ముందర సాయంత్రమే సగం సంతలో అమ్మేసింటి. పాపం అని వెతికి ఒకటి ఇచ్చినా. ఇదో, ఇప్పుడు తొడుక్కోనుండాడే గీతల చొక్కా, ఇది అదే. ఇప్పుడు నాలుగు అరల్లోనూ టీచరమ్మ చీరలు, ఆయమ్మ సర్టిఫికెట్లు, పుస్తకాలు ఉండాయి. పోయిన వారం పోయింటి, చూసొచ్చినా. బాగా సర్దుకునింది. ఈయప్ప బట్టలకు వాకిట్లో ఒక తాడు కట్టిచ్చింది."

అందరి కళ్లూ గీతల చొక్కా మీద వాలాయి. రాజరత్నం రెండు చేతులూ తెచ్చి పొట్ట మీద పెట్టుకున్నాడు. అక్కడ ఒక గుండీ లేదు.

అప్పుడు లక్ష్మీనారాయణ చేతిలో ఫోను మాట్లాడింది. "అంతా విన్న్యాలే," అంది ఇంద్రజ గొంతు, చిన్నగా, కానీ బెంచీ మీద అందరికీ వినబడేటట్లు. "ఎందుకు చేసినావో చెప్పు."

లక్ష్మీనారాయణ లేచి నిలబడ్డాడు. "ఏం లేదు ఇంద్రజా. బీరువా ఎంత ఎత్తుండాల అని అడుగుదామని." ఒక క్షణం విని, "సరే. అద్దమున్నదే. నా పంచెల మూట కూడా వచ్చి తీసేస్తాలే," అని పెట్టేశాడు. పేపరు ముక్కను రెండుగా చింపబోయి, దుప్పట్ల సంగతి పనికొస్తుందనుకున్నాడేమో, 'సగం' అన్న భాగం వరకే చింపి పారేశాడు. నంద్యాల బస్సు అప్పటికి బస్టాండులోకి తిరుగుతోంది. ఎవరికీ చెప్పకుండా రోడ్డు దాటి పోయాడు.

బస్సు కోసం నిలబడినవాళ్లు కూడా పోయారు. బంకు దగ్గర నలుగురు మిగిలారు. రాజరత్నం చల్లారిన టీ ఒక గుక్కలో తాగి గ్లాసు కింద పెట్టాడు, కానీ ఈసారి దాని వెనక మాట రాలేదు.

"అంత జాస్తి చెప్పినావే రామసుబ్బమ్మా," అన్నాడు చివరికి.

"తక్కువే చెప్పినా. తాడు కూడా ఆయమ్మ దయే."

వెంకటేష్ బ్యాగు భుజాన వేసుకున్నాడు గానీ కదలలేదు. రాజరత్నం మూట వైపు చూశాడు. కొంచెం దగ్గరికి జరిగి, వెంకటేష్‌కు వినబడకూడదని గొంతు తగ్గించి అడిగాడు.

"నా నీలం సఫారీ ఉండాదా? కోటు మాదిరి నాలుగు జేబులుంటాయి. అది ఒక్కటి ఇచ్చేయ్. సన్నబడితే వేసుకుంటా."

"అదా," అంది రామసుబ్బమ్మ. "అది బనగానపల్లె కాడ ఒక మామిడితోట ఆయన తీసుకున్న్యాడు. కట్టెలకు తొడిగి తోట నడుమ నిలబెట్టినాడు. చిలకలు, కోతులు ఆ దిక్కు తొంగి చూడడంలేదంట. నీ కొలతే దానికి, రెండు చేతులు చాపుకోని అచ్చం నువ్వు ప్లాట్లు చూపిస్తాన్నట్లే ఉంటాది. నోరు మాత్రం తెరవదు, అందుకే కాపలా బాగా చేస్తాంది."

వెంకటేష్ ఇంక ఆగలేక మొహం అటు తిప్పుకున్నాడు. నరసింహులు పొంగిన పాలు తుడవడం మొదలుపెట్టి, తుడుస్తూనే భుజాలు కదిలించాడు.

రామసుబ్బమ్మ టీ గ్లాసు కడిగి పెట్టి, చుట్టకుదురు నెత్తిన సవరించుకుంది. "గంప ఎత్తప్పా," అంది రాజరత్నంతో.

రాజరత్నం వంగాడు. గంప రెండు అంచులూ పట్టుకొని, మూలిగి, పైకి ఎత్తి, ఆమె నెత్తి మీద నిదానంగా కుదిరేదాకా పట్టుకొని నిలబెట్టాడు. ఇన్నేళ్లలో ఆయన ఒక వస్తువును ఎత్తి దాని జాగాలో పెట్టడం నరసింహులు చూసింది అదే మొదటిసారి.